వత్తుకి చోటు వదలండి

మొన్న ఆదివారం ఒకావిడ వాళ్లబ్బాయిని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు. ఇంటర్ అయిపోయిందట, బొమ్మలు బాగా వేస్తాడట, వైజాగ్‌లో ఎవరో వెబ్ డిజైనింగ్ కోర్సు ఆరు నెలలకి 60 వేలు అడుగుతున్నారట, చేర్పించమంటారా మానమంటారా అని, వెబ్ పేజీలు కట్టే పనిలో ఉన్నాను కాబట్టి నన్ను అడగడానికి. నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. టీ ఇచ్చి, కుర్రాడి చేతికి ఒక తెల్లకాగితం, స్కెచ్ పెన్ను ఇచ్చి, మన ఊరి పేరు పెద్దక్షరాలతో అందంగా రాసి చూపించమన్నాను. చకచకా ఇంగ్లిష్‌లో రాశాడు, నీడలు వేసి, ఒంపులు తిప్పి, నిజంగానే బాగుంది. తెలుగులో కూడా రాయి నాన్నా అన్నాను. కాసేపు కాగితం వైపు చూసి, నోట్సు రాసినట్టు శ్రీకాకుళం అని రాసి ఇచ్చేశాడు. ఆ తేడా వాడికి కనపడలేదు, వాళ్లమ్మగారికీ కనపడలేదు. వాడి వయసులో నాకూ కనపడలేదు.

ఆవిడకి ఆ రోజు సగమే చెప్పి పంపించాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా. కాస్త పొడుగే అవుతుంది, ఓపికుంటే చదవండి.

నేను కంప్యూటర్‌ని మొదటిసారి ముట్టుకుంది 2003 వేసవిలో, పదో తరగతి పరీక్షలయ్యాక. శ్రీకాకుళంలో అప్పుడప్పుడే టైపు ఇన్‌స్టిట్యూట్లు ఒక్కొక్కటే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు అవుతున్నాయి. నేను చేరినదీ అలాంటిదే. ముందు గదిలో లోయర్ వాళ్లూ హయ్యర్ వాళ్లూ మెషిన్ల మీద టకటకలాడిస్తుంటే, వెనక గదిలో కర్టెన్లు వేసి నాలుగు కంప్యూటర్లు పెట్టారు. చెప్పులు బయట విప్పాలి. ఎందుకో ఎవరూ చెప్పలేదు, అరసవల్లి గుళ్లోకి వెళ్లినట్టే కళ్లు దించుకుని లోపలికి వెళ్లేవాళ్లం. ఒక్కో కంప్యూటర్‌కి ముగ్గురం. మౌస్ నా చేతికి వచ్చింది నాలుగో రోజున.

అక్కడ నేర్పినవి మెనూలు. ఫైల్ కింద ఏమేముంటాయి, ఎడిట్ కింద ఏమేముంటాయి, వరసగా నోట్సు చెప్పేవారు, మేం రాసుకుని బట్టీ పట్టేవాళ్లం. చివర్లో పరీక్ష. సేవ్‌కీ సేవ్ యాజ్‌కీ తేడా రాయమని అయిదు మార్కుల ప్రశ్న ఇచ్చారు, నాకు అయిదుకి అయిదు వచ్చాయి. సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించి నాన్న గోడకి తగిలించారు. ఆయన ఆర్టీసీలో కండక్టరు, ఇంట్లో గోడకెక్కిన మొదటి సర్టిఫికెట్ అది. దానికంటే ముందు నేను డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పాసయ్యాను, ఆ కాగితం మాత్రం బీరువాలో చీరల కిందకి పోయింది. ఏది గోడకి, ఏది బీరువాకి అన్న లెక్క మా ఇంట్లో అప్పటికే తేలిపోయిందన్నమాట.

నాకు వెబ్ పిచ్చి పట్టుకుంది మాత్రం ఇన్‌స్టిట్యూట్‌లో కాదు, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో. గంటకి 25 రూపాయలు. ఎవరి రిజల్ట్సో చూడ్డానికి వెళ్లి, పేజీ రాక రాక, విసుగొచ్చి కుడి క్లిక్కు కొట్టి వ్యూ సోర్స్ అన్న దాని మీద నొక్కాను. నోట్‌ప్యాడ్ తెరుచుకుంది, నిండా రాత. ప్రతి పేజీ వెనకా ఎవరో కూర్చుని ఇదంతా రాశారు, దాచుకోకుండా అందరికీ చూపిస్తున్నారు అన్న సంగతి అప్పుడు నన్ను ఎంత కుదిపేసిందో ఇప్పటి పిల్లలకి చెప్పినా నవ్వుతారు. ప్రింటుకి డబ్బుల్లేవు, అందుకని 200 పేజీల నోటుబుక్కు పట్టుకెళ్లి చేత్తో ఎక్కించుకునేదాన్ని. టేబుల్ మొదలు, టేబుల్ ముగింపు, ఫాంట్ రంగు, అన్నీ బాల్‌పెన్నుతో. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఏ లైను తీసేస్తే ఏమవుతుందో ఊహించుకునేదాన్ని. కంప్యూటర్ లేకుండా కోడింగ్ నేర్చుకోవడం అంటే నవ్వొస్తుంది గానీ, నాకు ఆ నోటుబుక్కే గురువు.

జియోసిటీస్‌లో ఉచితంగా చోటిచ్చేవారు, అక్కడ ఒక పేజీ పెట్టాను. (యాహూ దాన్ని 2009లో మూసేసింది, నా పేజీ కూడా దాంతోపాటే పోయింది, పోయినందుకు నాకేం బాధ లేదు.) పైన మార్క్యూ, అంటే కదిలే అక్షరాల వరస, పరిగెత్తేది, వెనక నక్షత్రాలు మెరిసేవి. ఊరి పేరు తెలుగులో పెట్టాలనిపించింది. అక్కడ ఆగిపోయాను. తెలుగుకి యూనికోడ్‌లో (ప్రపంచ భాషల అక్షరాలకి కంప్యూటర్లో నంబర్లిచ్చే పట్టికలో) 1991లోనే చోటు దొరికింది, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ కూడా వచ్చింది, ఇవన్నీ తర్వాత చదివి తెలుసుకున్న సంగతులు. మా నెట్ సెంటర్‌లో ఉన్నవి విండోస్ 98 మెషిన్లు, వాటికి తెలుగంటే ఖాళీ డబ్బాలే. చివరికి పెయింట్ తెరిచి మౌస్‌తో శ్రీకాకుళం అని గీశాను. 40 నిమిషాలు, అంటే దాదాపు 17 రూపాయలు. అక్షరాలు చలిజ్వరం వచ్చినట్టు వణికాయి. అయినా అదే పెట్టాను.

డిగ్రీలో ఉండగా సాయంత్రాలు జీటీ రోడ్డు పక్క సందులో ఒక డీటీపీ సెంటర్‌లో పనికి కుదిరాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, శుభలేఖలు, కరపత్రాలు, సంవత్సరీకం కార్డులు. వెబ్ డిజైన్‌కీ దీనికీ ఏంటి సంబంధం అని నేనే అనుకునేదాన్ని. అను ఫాంట్లలో ఒక్కో వత్తుకి ఒకటికి మించి రూపాలుండేవి, వెడల్పు అక్షరం కిందకి ఒకటి, ఇరుకు అక్షరం కిందకి ఒకటి, ఏది ఎక్కడ కూర్చుంటుందో టైపు చేసే మనిషే చూసుకోవాలి. తప్పుది కొడితే వత్తు వెళ్లి పక్కదాని కాళ్ల మీద పడేది. ఇప్పటి ఫాంట్లు ఆ పని వాటంతటవే చేస్తాయి, మంచిదే. కాకపోతే ఆ రోజుల్లో ప్రతి వత్తునీ కంటితో చూసి పెట్టిన మనిషికి ఒక అలవాటు మిగిలిపోతుంది, అది ఇక పోదు.

ఒక పెళ్లి కార్డు మీద జ్యేష్ఠ పుత్రిక అని పడాల్సిన చోట జ్యేష్ట అని కొట్టాను. ప్రూఫ్ చూసినవాళ్లకీ కనపడలేదు. 400 కార్డులు అచ్చయ్యాక పెళ్లికూతురి తాతగారు కళ్లజోడు ముక్కు చివరికి దించి, ఠ వత్తు లోపల చుక్కేదమ్మా అని అడిగారు. మళ్లీ వేశాం. డబ్బులు నా జీతంలోంచే పోయాయి. ఆ తాతగారి మీద అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు గానీ, అంత చిన్న చుక్కని ఒక మనిషి వెతుక్కుంటాడని నాకు తెలిసింది అక్కడే.

అదే సెంటర్‌కి బోర్డులు రాసే ఆర్టిస్టు ఒకాయన వచ్చి కూర్చునేవాడు. మా అమ్మకి వరసకి తమ్ముడు, నాకు మావయ్య. ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల సగం షాపుల బోర్డులు ఒకప్పుడు ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిపోయి, ఎక్కడైనా పిలిస్తే గోడల మీద రాస్తూ, లేని రోజున మా దగ్గర టీ తాగుతూ ఉండేవాడు. ఒకసారి నన్ను ఒక స్కూలు గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. నేను అక్షరాలు ఎప్పుడు రాస్తాడా అని చూస్తుంటే ఆయన అరగంట దాకా బ్రష్షే ముట్టుకోలేదు. దారానికి సుద్దపొడి పూసి, ఒక చివర నన్ను పట్టుకోమని, రెండో చివర తను బిగించి, మధ్యలో లాగి వదిలాడు. ఠప్పుమని గోడ మీద తెల్లగీత. అలా నాలుగు గీతలు కొట్టాడు. రెండు మధ్యగీతల్లో అక్షరం, పై గీత దాకా గుడులూ ఏత్వాలూ, అన్నిటికంటే కింద ఒక గీత, అది వత్తులకి. కింద వదిలిన చోటు పైదాని కంటే ఎక్కువ. ఎందుకు మావయ్యా అంత ఖాళీ, గోడ చాలదేమో అన్నాను.

"ఏటే గుంటా, శ్రీ కింద ఉన్న వత్తు ఎక్కడికెళ్తాది? దానికీ గాలాడాల. తల బాగా దిద్ది కాళ్లు నరికేస్తారేటి ఎవరైనా?"

ఆ మాటని నేను అప్పుడు పట్టించుకోలేదు.

డిగ్రీ అయ్యాక ఇంట్లో గొడవ. ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ ఉందని తెలిసి అటు వెళ్తానన్నాను. నాన్న కేకలెయ్యలేదు, అదే పెద్ద బాధ. బొమ్మలు కూడెడతాయేటే అని ఒక్క మాట అని, డ్యూటీకి వెళ్లిపోయారు. మధ్యేమార్గంగా వైజాగ్‌లో వెబ్, మల్టీమీడియా కోర్సులో చేర్పించారు. కంప్యూటర్ అన్న మాట ఉంది కాబట్టి ఆయనకి పర్వాలేదు, డిజైన్ అన్న మాట ఉంది కాబట్టి నాకు పర్వాలేదు. ఆ సంస్థ పేరు రాయను. ఎనిమిది నెలల్లో ఫొటోషాప్, డ్రీమ్‌వీవర్, ఫ్లాష్ నేర్పారు, నేర్పారంటే మళ్లీ మెనూలే, ఈసారి రంగుల మెనూలు. నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అని బోర్డు మీద రాసినవాళ్లు నాకు చూపించిన ఉద్యోగం డేటా ఎంట్రీ. ఫ్లాష్ సంగతి మీకు తెలుసు, 2020 డిసెంబరుతో అడోబీ దానికి సపోర్టే ఆపేసింది. నాన్న కట్టిన ఫీజులో మూడో వంతు దానికే పోయింది. కాగితం మీద ఒక గీత గీయించలేదు, ఒక మంచి పుస్తకం అట్ట తీసుకొచ్చి ఇది ఎందుకు బాగుందో చెప్పండి అని అడగలేదు. తెలుగు ఊసే లేదు, ఎనిమిది నెలల్లో మేం చేసిన ప్రాజెక్టులన్నీ ఇంగ్లిష్ పేర్లు పెట్టిన ఊహా కంపెనీలకి.

మా వైపు జనం కళని చదువుగా ఒప్పుకోరు అంటే నాకు ఒళ్లు మండుతుంది. విజయనగరం మహారాజా సంగీత కళాశాల పెట్టింది 1919లో. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టిన మనిషి. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ చెప్పారు, ఘంటసాల అక్కడే చదువుకున్నారు. ఒక జిల్లా ఊళ్లో పాటకీ ఫిడేలుకీ వందేళ్ల కిందట కాలేజీ కట్టి, గురువుల్ని పెట్టి, సాధన చేయించారు. స్వరం రోజుకి కొన్ని గంటలు కూర్చుంటే తప్ప పలకదని అందరూ ఒప్పుకున్నారు. మరి కన్ను? దానికి సాధన అక్కర్లేదా? అక్షరం గీయడం, రంగు చూడటం, ఖాళీ వదలడం, ఇవి ఆరు నెలల సాఫ్ట్‌వేర్ కోర్సులో వాటంతటవే వచ్చేస్తాయని ఎలా అనుకున్నాం?

నా మొదటి సొంత పని పొందూరు ఖద్దరు చీరలు అమ్మే ఒక అక్కది. చాలా ఖుషీగా చేశాను, అప్పట్లో ఫ్యాషన్ అంతా తెల్లగా, ఖాళీగా, సన్నటి అక్షరాలతో ఉండేది, నేనూ అలాగే తెల్లటి పేజీ మీద చీరల ఫొటోలు పేర్చాను. ఆవిడ ఫోన్ దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, "మా చీర ఏదమ్మా?" అంది. నిజమే, పాలమీగడ రంగు బట్ట తెల్ల పేజీలో కలిసిపోయి, అంచు ఒక్కటే గాల్లో వేలాడుతోంది. ఆవిడే నన్ను నూలు వడికేవాళ్ల ఇంటికి తీసుకెళ్లింది. అక్కడ పత్తి దువ్వేది వాలుగ చేప దవడ ఎముకతో. ఆ సన్నటి పళ్లతో దువ్వితే పత్తిలో నలక మిగలదు. ఒకామె నల్లటి చీర ఒళ్లో పరుచుకుని దాని మీద దువ్వుతోంది. తెల్లటి పత్తిలో నలక కనపడాలంటే కింద నలుపుండాలట. నేను ఎనిమిది నెలలు ఫీజు కట్టి నేర్చుకోనిది ఆమె ఒళ్లో ఉంది. ఇంటికొచ్చి పేజీ వెనక రంగు ముదురు బూడిద చేశాను, నేత గళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా కనపడ్డాయి.

ఇక రెండో తప్పు. పైన పెద్దక్షరాల్లో శ్రీకాకుళం జిల్లా అని పెట్టాను. రెడీమేడ్ టెంప్లేట్ అది, శీర్షికలకి లైన్ హైట్ (ఒక్కో వరసకి వదిలే ఎత్తు) అక్షరం సైజుకి 1.2 రెట్లు, దానికి తోడు డబ్బా దాటినదాన్ని కోసెయ్యమని ఒక రూలు. ఇంగ్లిష్‌కి సరిపోతుంది. నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది, ఆవిడ ఫోన్లో శ్రీ కింద క్రావడి సగానికి తెగిపోయింది, జిల్లాలో ల వత్తు అసలే లేదు. జిలా. కాళ్లు నరికేస్తారేటి అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది, పదేళ్ల తర్వాత.

కంప్యూటర్‌కి మన అక్షరం ఎలా కనపడుతుందో కూడా ఆ రోజుల్లోనే కూర్చుని లెక్కపెట్టాను. శ్రీకాకుళం అంటే మన కంటికి నాలుగక్షరాలు. యూనికోడ్‌లో పది: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, ఇలా ముక్కలుగా. వెబ్ పేజీల్లో వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో ముక్కకీ 3 బైట్లు, మొత్తం 30. పేరు పదిహేను అక్షరాలు దాటకూడదు అని పెట్టిన ఫారంలో మన అమ్మమ్మల పేర్లు ఎందుకు పట్టవో, ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు పట్టే ఎస్సెమ్మెస్ (అందులో తెలుగు ముక్కకి 2 బైట్లు) తెలుగులోకి రాగానే 70కి ఎందుకు కుంచించుకుపోతుందో దీంతో అర్థమైంది. 2018 ఫిబ్రవరిలో అయితే జ్ఞా అన్న అక్షరం ఒకానొక రకంగా మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు కుప్పకూలిపోయేవి, యాపిల్ వాళ్లు హడావిడిగా అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. మా ఫ్రెండ్సంతా జోకులేసుకున్నాం. నాకు లోపల కాస్త గర్వంగా ఉంది, కాస్త ఉక్రోషంగా కూడా ఉంది. జ్ఞానంలో మొదటి అక్షరాన్ని అమ్మకానికి ముందు ఎవరూ సరిగ్గా పరీక్షించి చూడలేదన్నమాట.

అదే ఏడాది అక్టోబరు 11న తిత్లీ తుపాను మా జిల్లాలోని ఉద్దానం మీద పడింది. కరెంటు లేదు, ఉన్న చోట సిగ్నల్ పట్టీ పట్టనట్టు. మా చుట్టాల గ్రూపుల్లో సాయం చేసేవాళ్ల నంబర్లన్నీ రంగురంగుల ఫొటోలుగా తిరిగాయి, సోంపేట వైపు ఉన్న మా పెద్దమ్మ వాళ్లకి ఒక్కటీ తెరుచుకోలేదు, గిర్రున తిరుగుతూ ఉండిపోయేది. నేను అవే నంబర్లు మామూలు రాతలో టైపు చేసి పంపితే వెంటనే వెళ్లాయి. తెలుగు సరిగ్గా కనపడదన్న భయంతో తెలుగుని ఫొటోగా మార్చి పెట్టే అలవాటు మన ఆఫీసులకీ, పేపర్లకీ, గుళ్లకీ ఇంకా పోలేదు. ఫొటోలో ఉన్న తెలుగుని మామూలు రాతలా నేరుగా వెతకలేం, కాపీ చెయ్యలేం, చూపు లేనివాళ్లకి ఫోన్ సరిగ్గా చదివి పెట్టలేదు. మంచి ఫాంట్లు లేని రోజుల్లో సరే అనుకోవచ్చు. ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి బోలెడున్నాయి, ఉచితం. వాటిలో ఒకదాని పేరు గురజాడ, ఇంకోదాని పేరు గిడుగు. విజయనగరంలో ఉండి వాడుక భాషలో నాటకం రాసినాయనా, జనం మాట్లాడే భాషే బళ్లో ఉండాలని పోట్లాడిన మన శ్రీకాకుళం ఆయనా, ఇద్దరూ ఫాంట్లయి కూర్చున్నారు. మనం మాత్రం ఇంకా ఫొటో తీసి పెడుతున్నాం.

ఇదంతా ఇప్పుడెందుకు, ఏఐకి చెబితే రెండు నిమిషాల్లో వెబ్‌సైటు కట్టేస్తోంది కదా అని మా తమ్ముడు అంటాడు. కడుతోంది, నేనూ వాడుతున్నా, కాదనను. నేను బాల్‌పెన్నుతో ఎక్కించుకున్న టేబుళ్లన్నీ అది ఆవలించేలోపు రాసేస్తుంది. కానీ అది కట్టిన పేజీలో వత్తు తెగితే తెగిందని చెప్పాల్సింది నేనే, చీర పేజీలో కలిసిపోతే అక్క అడిగినట్టు మా చీర ఏదమ్మా అని అడగాల్సింది మనిషే. మెనూలు బట్టీ పట్టినవాళ్ల పని పోతుందంటే ఒప్పుకుంటా, ఆ పని అసలు చదువే కాదని నేను మొదట్నుంచీ అంటున్నా.

అందుకే ఆ కుర్రాడి అమ్మగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆ 60 వేలు ఇప్పుడే కట్టకండి. ఫైన్ ఆర్ట్స్ ఎంట్రెన్సు రాయించండి, సీటొస్తే పంపండి, రాకపోతే డిగ్రీ ఏదైనా చదవనివ్వండి. హెచ్‌టీఎమ్ఎల్, సీఎస్ఎస్, అంటే వెబ్ పేజీలు రాసే భాషలు, ఇంట్లో కూర్చుని ఉచితంగా నేర్చుకోవచ్చు, ఎక్కడైనా ఇరుక్కుంటే నా దగ్గరికి పంపండి. ఈలోపు రోజుకొక తెలుగు అక్షరం పెద్దగా గీయమనండి, వత్తుతో సహా. ఆవిడ అటునుంచి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, సర్టిఫికెట్ ఏమైనా ఇస్తారా అండీ మీరు, అని అడిగారు. తప్పు పట్టలేను, మా ఇంట్లోనూ గోడకెక్కింది ఏదో చెప్పాను కదా.

కుర్రాడు మాత్రం వచ్చాడు. వాణ్ని మావయ్య దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనకి ఇప్పుడు ఒక కంట్లో శుక్లం ఆపరేషనైంది, గోడలెక్కడం మానేశాడు. నేను కొత్తగా చేసిన జీడిపప్పు వ్యాపారి పేజీ ఫోన్లో చూపించాను. పలాస జీడిపప్పు, శ్రీకాకుళం జిల్లా అని పైన. ఆయన రెండు వేళ్లతో శ్రీని సాగదీసి, బాగున్న కంటికి దగ్గరగా పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

"ఇంకొంచెం దింపాల."

లైన్ హైట్ 1.6 ఉంది. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి 1.75 చేసి మళ్లీ చూపించాను. కుర్రాడు నా భుజం మీంచి తొంగి చూస్తున్నాడు. మావయ్య తలూపి, ఫోన్ వాడి చేతికిచ్చి, "ఆ ఫోన్ నంబరు ఇంకా పెద్దది చెయ్యమను, ముసిలోళ్లు చూడాల" అన్నాడు.